టైటానియం పేరుతో స్టీల్ సెట్టింగులు ఇచ్చారు

సర్వీస్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: మీ ఈడీఎం (కరెంటు స్పార్కులతో లోహాన్ని తొలిచే) మెషిన్‌లో టైటానియం, అల్యూమినియం సెట్టింగులు తప్పుగా ఉండటం గురించి.

అయ్యా,

బాలానగర్‌లో మాది చిన్న జాబ్ వర్క్ షాపు. ఎనిమిది నెలల క్రితం మీ మెషిన్ కొన్నాం. డెమో రోజు మీ సేల్స్ అతను స్క్రీన్ మీద మెటీరియల్ లిస్టు చూపించి, "టైటానియం నొక్కండి సార్, కరెంటు, పల్స్ టైమ్ అన్నీ అదే పెట్టుకుంటుంది" అన్నాడు. ఆ మాట నమ్మి బ్యాంకు లోను తీసుకున్నాను.

విమాన విడిభాగాలు చేసే కస్టమర్ ఒకరు గ్రేడ్ 5 టైటానియం (విమాన భాగాలకు వాడే మిశ్రమ లోహం) బ్లాకులు 14 ఇచ్చారు. మీ సెట్టింగుతోనే పాకెట్లు (లోతు గుంటలు) స్పార్క్ చేసి పంపాం. పైకి బాగానే ఉన్నాయి. వాళ్లు ఒకదాన్ని అడ్డంగా కోసి, పాలిష్ పట్టి, యాసిడ్‌తో ఎచింగ్ చేసి, నన్ను పిలిచి మైక్రోస్కోప్‌లో చూపించారు. అంచు పొడవునా తెల్లటి పొర. అందులోంచి లోపలికి వెంట్రుకల్లాంటి పగుళ్లు. 14 ముక్కలూ రిజెక్ట్. బ్లాకుల ఖరీదు కూడా నా బిల్లులోంచే కట్ చేసుకున్నారు.

ఆ రాత్రి నేనూ మా ఆపరేటరూ మెషిన్ ముందు కూర్చుని, లిస్టులో ఒక్కొక్క మెటీరియలే తెరిచి అంకెలు నోట్‌బుక్‌లో రాసుకున్నాం. టూల్ స్టీల్‌కి 12 ఆంపియర్లు, ఆన్ టైమ్ (ఒక్కో స్పార్క్ ఉండే సమయం) 200 మైక్రోసెకన్లు, ఆఫ్ టైమ్ (రెండు స్పార్కుల మధ్య విరామం) 50. టైటానియంకీ అవే. అల్యూమినియంకీ అవే. "అన్నా, ఇవన్నీ స్టీల్‌వే కదా" అన్నాడు ఆపరేటర్.

మీ ఇంజినీర్ ఫోన్‌లో దీన్ని చిన్న పొరపాటన్నాడు. చిన్నదెలా అవుతుంది? 6061 రకం అల్యూమినియం వేడిని లాగేసుకునే వేగంలో గ్రేడ్ 5 టైటానియంది ఇరవయ్యో వంతు కూడా ఉండదు. స్పార్క్ పడిన చోటే వేడి నిలిచిపోతుంది. ఆన్ టైమ్ ఎక్కువైతే కరిగిన లోహం పూర్తిగా బయటికి పోక అక్కడే గడ్డకడుతుంది. ముక్క మునిగి ఉండే ఆయిల్ కాలి వచ్చే కార్బన్ అందులో కలిసి పెళుసు కార్బైడ్ పొర కడుతుంది. ఆఫ్ టైమ్ చాలకపోతే టూల్‌కీ ముక్కకీ మధ్య గ్యాప్‌లోని మడ్డి కొట్టుకుపోక ఆర్క్ వస్తుంది. ఎగిరే భాగానికి ఆ పగుళ్లు ఎంత ప్రమాదమో మీకు నేను చెప్పాలా?

చివరికి మేమే ట్రయల్స్ వేశాం. కరెంటు, ఆన్ టైమ్, ఆఫ్ టైమ్, ఫ్లషింగ్ ప్రెషర్ (మడ్డిని కడిగే ఆయిల్ ఒత్తిడి), ఒక్కోదానికి మూడు లెవెల్స్. అన్ని కలయికలూ చేయాలంటే 81 ముక్కలు కావాలి. ఎంచిన కొన్ని కలయికలతోనే తేల్చే టాగుచి పద్ధతిలో 9తో సరిపెట్టాం. 6 ఆంపియర్లు, ఆన్ 50, ఆఫ్ 100 దగ్గర పొర బాగా పల్చబడింది, పగుళ్లు కనబడలేదు. ఒక్కో ముక్క చేయడానికి టైమ్ మాత్రం దాదాపు రెట్టింపు పడుతోంది. దాన్ని తగ్గించే దారి మీ అప్లికేషన్ ఇంజినీర్లకు తెలిసి ఉండాలి. అల్యూమినియం మేమింకా ముట్టుకోలేదు.

కాబట్టి రెండు లోహాలకూ నిజంగా ట్రయల్ చేసి తేల్చిన సెట్టింగులు, ఆ ట్రయల్ రిపోర్టులతో సహా ఇవ్వండి. అప్లికేషన్ ఇంజినీర్‌ను రెండు రోజులు మా షాపుకు పంపండి. కట్ అయిన డబ్బు, ల్యాబ్ ఖర్చు మీరే భరించాలి. ఇదే మెషిన్ కొన్న మిగతా షాపులకు కూడా ఈ వారంలోనే చెప్పండి, వాళ్ల ముక్కలు ఎక్కడ బిగిస్తున్నారో ఎవరికి తెలుసు.

నోట్‌బుక్ పేజీల ఫోటోలు, రిజెక్షన్ రిపోర్టు జత చేశాను. మళ్లీ ముక్కలు చేసి చూపించడానికి కస్టమర్ నెలాఖరు దాకా గడువిచ్చారు. మీ మనిషి ఆలోపు రావాలి.

ఇట్లు,
షాపు యజమాని,
బాలానగర్, హైదరాబాద్