కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి వార్షిక నివేదిక, 2024–25

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా ఈ ఏడాది పనుల్లోకి వస్తున్నాను. అంతకన్నా ముందు చెప్పుకోవలసిన కృతజ్ఞతలు చాలా ఉన్నాయి. నెలనెలా సమావేశాలకు తమ మేడ మీది గదిని ఇచ్చిన మూడో వీధి దంపతులకు, పారలూ గడ్డపారలూ తట్టలూ అద్దె తీసుకోకుండా ఇచ్చిన మేస్త్రీ గారికి, రెండు శ్రమదానాల రోజునా తెల్లవారుజామునే లేచి ఉప్మా, మజ్జిగ సిద్ధం చేసిన మహిళా సభ్యులకు, సాయంత్రం ఐదు కాగానే గ్రంథాలయం తాళం తీసే విశ్రాంత ఉపాధ్యాయులకు, ఎండాకాలమంతా మొక్కలకు నీళ్లు మోసిన బడి పిల్లలకు సంఘం రుణపడి ఉంది. వీరందరి పేర్లూ నోటీసు బోర్డులో ఉన్నాయి. దయచేసి ఆగి చదవండి.

కంటి వైద్య శిబిరం, సంక్రాంతి ముగ్గుల పోటీ, వీధి దీపాల మరమ్మతు ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడాది మనం నిజంగా గర్వపడవలసిన పని రెండో వీధి వాననీటి కాలువ పూడికతీత. దాని గురించి వివరంగా రాయకుండా ఉండలేను.

జూన్ మొదటి ఆదివారం శ్రమదానానికి రమ్మని వాట్సాప్‌లో సందేశం పెట్టాం. 41 మంది బొటనవేలు గుర్తుతో సమ్మతి తెలిపారు, 30 మంది వచ్చారు. అయినా నాలుగు గంటల్లో తీసిన పూడిక ఇరవై అడుగులకు మించలేదు. ఒకరు తవ్వుతుంటే నలుగురు గట్టున నిలబడ్డారు. ఎవరినీ సోమరి అనను. గట్టున నిలబడిన వారిలో ఒకరు తమ ఇంటి పెళ్లిలో మూడు వందల మంది భోజనాలను ఒంటిచేత్తో నడిపించారు. అక్కడ అంత చేసిన మనిషి ఇక్కడ చేతులు కట్టుకున్నారంటే లోపం మనిషిలో కాక పని పంచిన తీరులో ఉందేమోనని ఆ రోజే అనిపించింది. మొదటి నుంచీ తవ్విన ఇద్దరు కుర్రవాళ్లు వెళ్తూ వెళ్తూ “ఇంకోసారి మమ్మల్ని పిలవకండి” అన్నారు. ఆ మాట ఇప్పటికీ బాధిస్తోంది. పని ఎగ్గొట్టేవారి వల్ల పని ఆగడమే కాదు, చేసేవారి మనసు కూడా విరిగిపోతుంది.

మరుసటి వారం గ్రంథాలయ ప్రసంగంలో మన సభ్యులైన మనస్తత్వశాస్త్ర అధ్యాపకులు చెప్పిన విషయం మాకు దారి చూపింది. మాక్స్ రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు 1880లలో మనుషుల చేత తాడు లాగించి బలం కొలిచారు. ఆ ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. ఒంటరిగా లాగే మనిషి బలాన్ని నూరు అనుకుంటే, ఇద్దరు కలిసినప్పుడు తలకు 93, ముగ్గురికి 85, ఎనిమిది మందికి 49 మాత్రమే వచ్చింది. అంటే ఎనిమిది మంది కలిసి నలుగురి బలం కూడా చూపలేదు! అందరూ ఒకే క్షణంలో లాగకపోవడమే ముఖ్య కారణమని ఆయన భావించారు. 1974లో అమెరికాలో ఆలన్ ఇంగ్‌హామ్ బృందం ఒక మనిషికి కళ్లకు గంతలు కట్టి, వెనుక మరికొందరు లాగుతున్నారని నమ్మించింది. నిజానికి వెనుక ఎవరూ లాగడం లేదు. అయినా అతని పట్టు సడలింది. 1979లో లాటనే, విలియమ్స్, హార్కిన్స్ అనే పరిశోధకులు చప్పట్లు, కేకలతో పరీక్షిస్తే ఆరుగురి గుంపులో తలకు, ఒంటరిగా చేసిన చప్పుడులో సుమారు 40 శాతమే తేలింది. గుంపులో గోవిందా అని మన పెద్దలు ఏనాడో అన్న మాటను వీరు కొలిచి చూపించారు.

నన్ను కదిలించింది మాత్రం 1981లో వారే చేసిన తర్వాతి పరీక్ష. ఎవరి గొంతు ఎంతో విడిగా తెలుస్తుందని చెప్పినప్పుడు గుంపులో ఉన్నా ఎవరూ తగ్గలేదు. తిట్టలేదు, జరిమానా వేయలేదు. నీ వంతు కనబడుతుందని చెప్పారు, అంతే.

అందుకే జూన్ చివరి ఆదివారం పద్ధతి మార్చాం. 240 అడుగుల కాలువను సున్నపు గీతలతో పన్నెండు ముక్కలు చేశాం. ముక్కకు మూడు ఇళ్లు, రెండు పారలు, మూడు తట్టలు. ఆ ఇళ్ల నంబర్లను పలక మీద రాసి గట్టున నిలబెట్టాం. మొదటిసారి ముప్పై మందికి ఆరు పారలే తెప్పించిన పొరపాటు కార్యవర్గానిదే. చేతిలో పార లేనివాడు నిలబడక ఏం చేస్తాడు? ఈసారి పదకొండు గంటలయ్యేసరికి పదకొండు ముక్కలు పూర్తయ్యాయి. డెబ్బై రెండేళ్ల పెద్దాయన తమ పలక పక్కనే కూర్చుని తట్టలు లెక్కపెట్టారు. ఆ కుర్రవాళ్లిద్దరూ పిలవకుండానే వచ్చారు. పన్నెండో ముక్కకు చెందిన మూడు ఇళ్ల నుంచి ఒక్కరూ రాలేదు. తమ పని ముగించుకున్నవారే దాన్నీ ఎత్తిపోశారు. ఆగస్టు వానలకు రెండో వీధిలో ఒక్క ఇంట్లోకీ నీరు రాలేదు.

తీసిన మట్టిని తరలించడం మన చేతిలో లేని పని. ఒక విభాగం ఇంకో విభాగం పేరు చెప్పింది, ఆ విభాగం మూడో విభాగం పేరు చెప్పింది. మూడు అర్జీలు ఇచ్చాం. 23 రోజులు కుప్పలు గట్టునే ఉండి, కొంత మట్టి మళ్లీ కాలువలోకే జారింది. మూడు కార్యాలయాల్లో ఎవరి గడప ముందూ సున్నపు గీత లేదు మరి. చివరికి చందాదారుల డబ్బుతోనే ట్రాక్టర్ పెట్టించాం.

కార్యవర్గం గురించి కూడా చెప్పాలి. పదకొండు మంది సభ్యులం పది సార్లు సమావేశమయ్యాం. ఫోను చేసి పిలవకుండా కోరం నిండినవి రెండే. నలుగురు ఒక్కసారి కూడా రాలేదు. వారి స్థానాలు ఈ సమావేశంలోనే భర్తీ చేయాలని కోరుతున్నాను.

జమాఖర్చులు: ప్రారంభ నిల్వ రూ. 38,450. 126 ఇళ్ల నుంచి చందా రూ. 1,26,000. ఖర్చు రూ. 1,31,720. ముగింపు నిల్వ రూ. 32,730. పద్దుల పుస్తకం, రసీదులు కోశాధికారి గారి దగ్గర చూడవచ్చు. చందా ఇవ్వని 42 ఇళ్లవారు నెలాఖరులోగా చెల్లించాలని మనవి.

వచ్చే పూడికతీత జూన్ రెండో ఆదివారం. ముక్కల పట్టికను గ్రంథాలయం తలుపు పక్కన అతికించాం, పెన్ను దారంతో కట్టి ఉంది. ఈ నివేదిక రాసే నాటికి ఎనిమిది ముక్కలకు పేర్లు వచ్చాయి. పన్నెండో ముక్క ఎదుట ఇంకా ఖాళీగానే ఉంది.

ఇట్లు,
కార్యదర్శి