ఒకే టెంటు వేయండి

సంపాదకులకు,

అయ్యా,

మొన్న సాయంత్రం అనంతపురం టవర్ క్లాక్ దగ్గర గాజా కోసం రెండు వామపక్ష సంఘాలు విడివిడిగా నిలబడ్డాయి. మధ్య ముప్పై అడుగుల దూరం కూడా లేదు. రెండూ ఎర్రజెండాలే, నినాదాలూ ఒకటే. ఎందుకు కలవలేదని ఒక కుర్రవాణ్ణి అడిగాను. "వాళ్లు ఉక్రెయిన్ విషయంలో రష్యాను తప్పుపట్టారు సార్" అన్నాడు. అతని చేతిలోని అట్ట మీద రంగు ఇంకా ఆరలేదు.

ఈ తగాదా పాతదే. 1914 ఆగస్టులో జర్మనీ సోషలిస్టులైన సోషల్ డెమోక్రాట్లు మొదటి ప్రపంచ యుద్ధం కోసం తెచ్చే రుణాలకు ఓటేసినప్పుడూ, 1968లో చెకొస్లొవేకియాకు సోవియట్ ట్యాంకులు వెళ్లినప్పుడూ వామపక్షీయులు ఇలాగే చీలారు. మన దగ్గర 1962 చైనా యుద్ధం పెంచిన విభేదాలు 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలికకు ఒక కారణం. కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి పుట్టిన జిల్లా మనది. ఆ చీలిక అన్నదమ్ముల మధ్య మాటలు ఎలా ఆపేసిందో మా ఇంట్లోనే చూశాను.

అమెరికా సైనిక కూటమి నాటో రష్యా వైపు విస్తరించడం తప్పే. కానీ 2022 ఫిబ్రవరిలో సరిహద్దు దాటింది రష్యా సైన్యం. 2003లో ఇరాక్ మీద అమెరికా దాడిని తిట్టిన నోటితోనే దీన్నీ తిట్టాలి. ఒప్పుకోనివాళ్లతో తెల్లారేదాకా వాదిస్తాను, గాజా పిల్లల కోసం మాత్రం వాళ్ల పక్కనే నిలబడతాను. ఈసారి ఒకే టెంటు వేయండి, కుర్చీల అద్దె నేనిస్తాను.

— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, అనంతపురం