ఎప్పుడు ఫోన్ చేయాలో చెప్పిన డాక్టరమ్మగారికి కృతజ్ఞతలు

కోవిడ్ రోగులు ఇంట్లోనే ఉండి వైద్యం తీసుకున్న రోజుల్లో, రోజూ ఫోన్ చేసి వాళ్ల బాగోగులు కనుక్కున్న నర్సులం, వాలంటీర్లం మేము. మా అందరి తరఫున డాక్టరమ్మగారికి ఈ ఉత్తరం. పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

అమ్మా, "ఏం కాదు, ధైర్యంగా ఉండండి" అని ఆ రోజుల్లో అందరూ అన్నారు. ఆ మాట విన్న మనిషికి అర్ధరాత్రి ఆయాసం వస్తే ఏం చేయాలో మాత్రం తెలియలేదు. మీరు ధైర్యం చెప్పినప్పుడల్లా దాంతో పాటు ఒక అంకె చెప్పారు, ఆ అంకె దాటితే ఏం చేయాలో చెప్పారు. రోగులు నిద్రపోగలిగింది అందువల్లే.

వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో చూసే పల్స్ ఆక్సీమీటర్ సంగతే చూడండి. పరికరం ఇంటింటికీ వచ్చింది, చూసే పద్ధతి రాలేదు. మెట్లెక్కి వచ్చి వెంటనే వేలికి తగిలించుకుని, మొదట మెరిసిన 88 చూసి హడలిపోయినవాళ్లు ఎందరో. నాడి అంకె 78 ఉంటే అదే ఆక్సిజన్ అనుకుని ఏడ్చినవాళ్లూ ఉన్నారు. రెండు అంకెల్లో ఎస్‌పీఓటూ అని రాసి ఉన్నదే ఆక్సిజన్ అని మీరు మొట్టమొదట చెప్పించారు. ఆ తర్వాత పద్ధతి: ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. గోళ్ల రంగు ఉంటే తుడిచేయాలి. వేళ్లు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచాలి. చూపుడు వేలికో మధ్య వేలికో పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో ఛాతీకి ఆనించి, కనీసం ఒక నిమిషం ఆగి, అంకె నిలకడగా ఉన్నాకే రాసుకోవాలి. వేలి గుండా వెలుగు పంపి, దాటి వచ్చిన వెలుగును బట్టి లెక్కగట్టే పరికరం అది. చెయ్యి కదిలినా, వేలిలో రక్తం సరిగా ఆడకపోయినా లెక్క తప్పుతుంది. ఈ కారణం తెలిశాక సగం భయం అక్కడే తగ్గింది.

94, ఆపైన ఉంటే ఇంట్లోనే ఉండవచ్చు. 93కి దిగి అక్కడే ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి. 90 కంటే తగ్గితే ఫోన్ల కోసం ఆగకుండా ఆసుపత్రికి బయల్దేరాలి. ముందునుంచే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ల లెక్క వేరని, వాళ్లు తమ మామూలు అంకె ఎంతో అడిగి తెలుసుకోవాలని విడిగా చెప్పారు. ఒకటి రెండు పాయింట్ల తేడాకు కంగారు వద్దనీ, పొద్దున 97, సాయంత్రం 95, మర్నాడు 94 అని వరసగా దిగుతుంటే మాత్రం వదలొద్దనీ మాకు నూరిపోశారు. చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్లకు పరికరం ఒక్కోసారి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందని, కాబట్టి అంకె బాగున్నా మనిషి బాగా లేకపోతే మనిషినే నమ్మమని చెప్పింది కూడా మీరే.

ఫోన్‌లో మనిషిని ఎలా చూడాలో మాకు నేర్పినందుకు ప్రత్యేకంగా దండం పెట్టాలి. రోగి ఒక వాక్యం మొత్తం ఆగకుండా చెప్పగలుగుతున్నాడా, నాలుగు మాటలకోసారి ఊపిరి తీసుకుంటున్నాడా అని వినమన్నారు. ఊపిరి లెక్కపెట్టే పని ఇంట్లోవాళ్లకు అప్పగించమన్నారు: పొట్ట పైకి లేచిన ప్రతిసారీ ఒకటి, గడియారం చూస్తూ నిమిషం పూర్తిగా. లెక్కపెడుతున్నామని రోగికి తెలిస్తే తెలియకుండానే ఊపిరి మారిపోతుంది కాబట్టి నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని కూర్చోవాలి. పెద్దవాళ్లకు నిమిషానికి 24 దాటితే మీకు వెంటనే చెప్పాలి.

రోజుల లెక్క దగ్గర చాలామంది పొరపాటు పడ్డారు. రిపోర్టు వచ్చిన రోజును మొదటి రోజు అనుకున్నారు. మొదటి లక్షణం కనబడిన రోజే మొదటి రోజు అని మీరు ప్రతి ఒక్కరి చేతా కాగితం మీద రాయించారు. నాలుగో రోజు జ్వరం తగ్గిందని ఆక్సీమీటర్ పక్కన పడేసేవాళ్లకు, అసలు కనిపెట్టుకుని ఉండాల్సింది ఐదు నుంచి పది రోజుల మధ్యేనని చెప్పారు. వైరస్ తగ్గుముఖం పట్టాక కూడా శరీరం సొంత రక్షణ వ్యవస్థే అదుపు తప్పి ఊపిరితిత్తులను వాచేలా చేయవచ్చని వివరించారు. పదో రోజు దాటాక, అంకెలు బాగుంటే, "ఇక గండం చాలావరకు గడిచినట్టే" అనేవారు. ఆ మాటకు అంత విలువ వచ్చింది మీరు దాన్ని ముందే అనేయలేదు కాబట్టి.

ఆక్సిజన్ తగ్గినప్పుడు బోర్లా పడుకోబెట్టడం మరొకటి. దిండ్లు మెడ కింద ఒకటి, ఛాతీ నుంచి తొడల పైభాగం దాకా ఒకటో రెండో, మోకాళ్ల కింది భాగానికి రెండు. అరగంట నుంచి రెండు గంటలు బోర్లా, తర్వాత కుడి పక్క, కూర్చోవడం, ఎడమ పక్క, మళ్లీ బోర్లా. వెల్లకిలా పడుకున్నప్పుడు నొక్కుకుపోయే వీపువైపు ఊపిరితిత్తుల భాగాలు అప్పుడు తెరుచుకుంటాయి. తిన్నాక గంట దాకా వద్దు. గర్భిణులు, తీవ్రమైన గుండె జబ్బు ఉన్నవాళ్లు, వెన్నెముక గానీ తుంటి గానీ విరిగినవాళ్లు చేయకూడదు. ఆసుపత్రికి వెళ్లేలోగా ఆసరాగా మాత్రమే, వెళ్లడం మానేసి కాదు అని ప్రతిసారీ చివర కలిపేవారు.

మందుల విషయంలో మీరు పట్టిన పట్టు ఎందరినో కాపాడింది. పారాసిటమాల్ మోతాదుకు మోతాదుకు మధ్య కనీసం 4 గంటలు ఉండాలి, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకైనా రోజుకు 4 గ్రాములు దాటకూడదు. జలుబు మాత్రల్లోనూ అదే మందు ఉంటుంది, రెండూ కలిపి వేసుకుంటే కాలేయం దెబ్బతింటుంది. స్టెరాయిడ్ చీటీలు చేతులు మారుతున్న రోజుల్లో, 2020 జూన్‌లో బ్రిటన్‌లో కోవిడ్ మందులను రోగుల మీద పరీక్షించిన రికవరీ ట్రయల్ చెప్పిన సంగతిని పూర్తిగా చెప్పింది మీరే: డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వల్ల ఆక్సిజన్ మీద, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు తగ్గాయి, ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మేలు కనబడలేదు. పైగా చక్కెర పెరుగుతుంది, ఇన్ఫెక్షన్లను ఎదుర్కొనే శక్తి తగ్గుతుంది. మందు ఇవ్వలేదని కోప్పడ్డవాళ్లకు కూడా ఇదంతా ఓపిగ్గా, గొంతు పెంచకుండా చెప్పారు. బీపీ, షుగర్ మాత్రలు ఎవరో అన్నారని సొంతంగా ఆపొద్దన్నారు.

తెలియనిది తెలియదనే అన్నారు. ముందు అందరికీ మాస్కు అక్కర్లేదని, తర్వాత పెట్టుకోవాలని సలహా మారినప్పుడు జనం "నిన్న ఒకటి, నేడు ఒకటి" అని విసుక్కున్నారు. మీరు దాటవేయలేదు. లక్షణాలు లేనివాళ్ల నుంచి కూడా వ్యాపిస్తుందని ఆధారాలు పెరిగాయి, అందుకే 2020 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటా మారింది అని నేరుగా చెప్పారు. మీ మాట మీద నమ్మకం అక్కడే కుదిరింది.

తగ్గాక మళ్లీ మళ్లీ ఆర్‌టీపీసీఆర్ చేయించుకుని పాజిటివ్ వచ్చిందని కుమిలిపోయేవాళ్లకు, వైరస్ తాలూకు చచ్చిన ముక్కలు కూడా వారాలపాటు పరీక్షలో దొరుకుతాయని చెప్పి ఊరట ఇచ్చారు. నీరసం, దగ్గు కొన్ని వారాలుంటాయి, రోజూ కొంచెం కొంచెంగా నడక పెంచుకోండి అన్నారు. అదే ఊపులో, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఛాతీ నొప్పి గానీ ఆయాసం గానీ వచ్చినా అది నీరసం కాదు, రక్తం గడ్డ కావచ్చు, వెంటనే రండి అన్నారు.

ఇంట్లోవాళ్లకు మీరు చెప్పి రాయించిన చీటీ మాలో చాలామంది ఇప్పటికీ దాచుకున్నాం: పెదవులు నీలంగా మారడం, మాట తడబడి అయోమయంగా ఉండడం, లేపినా లేవకపోవడం, తగ్గని ఛాతీ నొప్పి. వీటిలో ఏ ఒక్కటి కనబడినా అంకెతో పని లేదు, బయల్దేరండి. ఆక్సిజన్ బాగా పడిపోయినా కొందరికి ఆయాసం తెలియదు, అందుకే ఈ చీటీ రోగికి కాకుండా పక్కనున్నవాళ్లకు ఇచ్చారు. వాళ్లందరి తరఫునా, మా తరఫునా మీకు నమస్కారాలు, డాక్టరమ్మగారూ.