హంద్రీ ఒడ్డున టిప్పర్లు ఆపించండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

కర్నూలు నుంచి రాస్తున్నాను. హంద్రీ నది ఒడ్డున మూతపడ్డ ఫ్యాక్టరీ స్థలం సంగతి మీకు తెలిసిందే, మళ్లీ మొదటి నుంచి చెప్పను. అక్కడి పల్లాన్ని పూడుస్తున్నారని అర్జీలు ఇచ్చాం, రసీదులు తీసుకున్నాం, చివరికి సమస్య పరిష్కారమైందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో చెప్పేవాళ్లు లేరు.

అక్కడ నీళ్లు నిలిచే చిత్తడి పార్కు వస్తుందన్నారు. సర్వేయర్లు వచ్చి టేపులు పట్టి కొలిచారు, సంబరపడ్డాం. ఇప్పుడు రాత్రి పదయ్యాక టిప్పర్లు వస్తున్నాయి. పగలగొట్టిన గోడలు, బాత్‌రూమ్ టైల్స్ ముక్కలు, సిమెంటు పెచ్చులు కుమ్మరించి పైన ఎర్రమట్టి పరుస్తున్నారు. మెరక పాత షెడ్డు కిటికీ దాకా వచ్చేసింది, జమ్ము పెరిగే పల్లం సగం పూడిపోయింది. అడిగితే డ్రైవరు, పార్కు కోసమే లెవెల్ చేస్తున్నామంటాడు. లెవెల్ చేశాక అది చిత్తడి నేల ఎట్లా అవుతుంది సార్? పల్లంగా ఉంటేనే కదా నీళ్లు నిలిచేది!

హంద్రీ ఇక్కడే తుంగభద్రలో కలుస్తుంది, తుంగభద్ర నిండుగా వస్తే హంద్రీ నీళ్లు పోయే దారి లేక వెనక్కి తన్నుతాయి. 2009 అక్టోబర్ 2న రెండు నదులూ ఒక్కసారే ఊరిమీద పడ్డాయి, మేడలెక్కి ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు మా వీధిలో ఇంకా ఉన్నారు. అంతటి వరదను ఒక పార్కు ఆపుతుందని నేననను. కానీ చిన్నపాటి వరదకు ఆ పల్లమే ఆసరా. అది పూడ్చినప్పటి నుంచి గట్టి వాన పడితే చాలు, మురుగు కాలువలో ఎదురెక్కి వంటింట్లోకి వస్తోంది. మొన్న బియ్యం బస్తా, పొయ్యి, పదో తరగతి పిల్ల పుస్తకాలు అన్నీ ఒకే మంచం మీద పెట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నాం. మబ్బు పడితేనే టెన్షన్.

చెన్నైలో చెత్త, శిథిలాలు పోసి పాడుచేసిన అడయారు వాగు నేల 58 ఎకరాలను బాగుచేసి 2011లో పార్కుగా తెరిచారు. వాళ్లు పోసింది తీసేశారు, మన దగ్గర పోస్తున్నారు.

దయచేసి ముందు ఆ టిప్పర్లు ఆపించండి. పోసిన మట్టి తీయించండి. ఫ్యాక్టరీ నేల కదా, కింద ఏ రసాయనాలున్నాయో పరీక్ష చేయించి ఆ ఫలితం మాకూ చూపించండి. నగరం మురుగు శుద్ధి చేయకుండా ఆ పల్లంలోకి వదలొద్దు. వాకింగ్ ట్రాక్, ఫౌంటెన్ తర్వాత సంగతి, అసలు లేకపోయినా మాకు పర్వాలేదు, నీళ్లకు చోటు మిగిలితే చాలు. టిప్పర్లు మాత్రం వెంటనే ఆపించండి సార్, వానలు ముదరకముందే.

ఒక్కసారి మీరే వచ్చి చూడండి. రాత్రిపూట రండి, పగలు టిప్పర్లు కనబడవు.

ఇట్లు,
హంద్రీ ఒడ్డు వీధి నివాసి, కర్నూలు