చక్కెర ఎగుమతి కోటా సెప్టెంబరులోనే చెప్పండి: కేంద్ర ఆహార మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆహార, ప్రజా పంపిణీ శాఖ మంత్రి శ్రీ ప్రహ్లాద్ జోషి గారికి,

నమస్కారం. మిల్లుల దగ్గర చక్కెర కొని విదేశాలకు పంపే చిన్న వ్యాపారిని, కాకినాడ నుంచి రాస్తున్నాను. ఆంక్షలు ఎత్తేయమని అడగడానికి కాదు ఈ లేఖ. ఎంత పంపొచ్చో ముందే చెప్పమని అడగడానికి.

చక్కెర సీజన్ అక్టోబరు 1న మొదలవుతుంది. 2024-25 సీజన్‌కి 10 లక్షల టన్నుల ఎగుమతికి అనుమతి వచ్చింది 2025 జనవరి 20న. బ్రెజిల్‌లో కొత్త క్రషింగ్, అంటే చెరకు ఆడటం, ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఆ సరుకు మార్కెట్లోకి దిగేలోపు, అంటే డిసెంబరు నుంచి మార్చి దాకానే మన చక్కెరకి గిరాకీ. జనవరి చివర్లో ప్రభుత్వ ఆర్డరు చేతికొస్తే మిల్లుతో బేరం కుదరాలి, అవతలి పార్టీ ఎల్‌సీ (డబ్బు చెల్లింపుకి బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) తెరవాలి, ఎగుమతి బస్తాల్లో నింపించాలి, ఇన్‌స్పెక్షన్ చేయించాలి, ఓడలో చోటు దొరకాలి. ఇవన్నీ అయ్యేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ఆ ఏడాది ఇచ్చిన 10 లక్షలూ పూర్తిగా వెళ్లలేదంటే కారణాల్లో ఇదొకటి. 2025-26కి 15 లక్షల టన్నులని నవంబరులోనే చెప్పారు. మేలే. కానీ వచ్చే ఏడాదీ అలాగే చెబుతారన్న హామీ ఎక్కడా లేదు.

కొనేవాళ్ల వైపు నుంచి చూడండి. 2021-22లో మనం 100 లక్షల టన్నులకు పైగా పంపాం. సీజన్ మధ్యలో, 2022 మే నెలాఖరున నోటిఫికేషన్ ఇచ్చి జూన్ 1 నుంచి ఆంక్షలు పెట్టారు. 2023-24లో మామూలు ఎగుమతికి అసలు అనుమతే లేదు. వానలు తగ్గాయి, ఇక్కడి ధర చూసుకోవాలి, అది తప్పని నేననను. అయితే సరిగ్గా అప్పుడే, 2023 నవంబరులో, న్యూయార్క్‌లో ముడి చక్కెర పౌను 28 సెంట్ల దాకా పోయింది. మళ్లీ తలుపు తీసేనాటికి 20 సెంట్ల కిందికి దిగింది. శ్రీలంకలోనో సోమాలియాలోనో మన ఎస్-30 (చిన్న పలుకు) రకం చక్కెర కొనే వ్యాపారి ఇదంతా చూశాక ఏం చేస్తాడు? బ్రెజిల్ వాళ్లతో ఏడాది కాంట్రాక్టు రాసుకుంటాడు. మన దగ్గరికి ఎప్పుడైనా చవగ్గా దొరికితే వస్తాడు, అంతే.

కోటా పంచే తీరు మా ప్రాంతానికి మరీ ఇబ్బంది. ఆ 10 లక్షల టన్నుల్ని ప్రతి మిల్లుకీ మూడేళ్ల సగటు ఉత్పత్తిలో సుమారు 3.17 శాతం చొప్పున పంచారు. ఏటా 20 వేల టన్నులు తీసే మిల్లు వాటా 635 టన్నులు. 12,500 టన్నుల ఆర్డరు వస్తే అలాంటి మిల్లులు 20 వెతుక్కోవాలి. ఆంధ్రలో అన్ని మిల్లులు నడుస్తున్నాయా అన్నది వేరే బాధ. మిల్లులు కోటాలు ఒకదానితో ఒకటి మార్చుకునే వీలు ఇచ్చారు, నిజమే. దాన్ని వాడుకోగలిగేది వంద మిల్లులతో సంబంధాలున్న పెద్ద ట్రేడర్లే. ఇక్కడో విచిత్రం ఉంది. మా రేవు పక్కనున్న రిఫైనరీ విదేశీ ముడి చక్కెర తెచ్చి, శుద్ధి చేసి, తిరిగి ఎగుమతి చేస్తుంది. ఆ సరుక్కి ఈ కోటాతో పనిలేదు. వాళ్లు చేసేది తప్పు కాదు. పరాయి చెరకు చక్కెర మా కళ్ల ముందే ఓడెక్కుతుంటే మన రైతు చెరకుది గోడౌన్లో ఉండటమే బాధ.

గోడౌన్లో ఉంటే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. దేశంలో అమ్ముదామన్నా నెలనెలా మీ శాఖ విడుదల చేసినంతే అమ్మాలి. బ్యాంకు వడ్డీ మాత్రం ఆగదు. చెరకు డబ్బు 14 రోజుల్లో ఇవ్వాలని, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ కట్టాలని 1966 నాటి చెరకు కంట్రోల్ ఆర్డరు చెబుతోంది. ఆ వడ్డీ అందుకున్న రైతు నాకింతవరకు తగల్లేదు.

పద్ధతైన దారి మూసి ఉన్నప్పుడు దొంగ దారులు తెరుచుకుంటాయి. ‘ఇకుమ్సా 45, మార్కెట్ కంటే వంద డాలర్లు తక్కువ, అడ్వాన్సు పంపండి’ అంటూ వాట్సాప్‌లో తిరిగే ఆఫర్లు కోకొల్లలు. ఇకుమ్సా అంటే చక్కెర రంగు కొలత, అంకె ఎంత తగ్గితే అంత తెలుపు. మన మిల్లుల్లో ఎక్కువ భాగం తీసే చక్కెర 100-150 ఇకుమ్సా. ఆ తేడా తెలియని కొత్త కొనుగోలుదారు డబ్బు పోగొట్టుకుంటాడు, తర్వాత ఇండియా పేరెత్తితేనే భయపడతాడు. ఏ మిల్లుకు ఎంత కోటా, అందులో ఎంత మిగిలిందో రోజూ అందరికీ కనిపించేలా పెడితే, అవతలివాడు నిమిషంలో సరిచూసుకుంటాడు.

చెరకు ఎంత వస్తుందో సెప్టెంబరులో తెలియదు కదా అని మీ అధికారులు అంటారు. మిల్లుల సంఘం ఉపగ్రహ చిత్రాలతో సీజన్‌కి ముందే అంచనా వేస్తోంది. పాత నిల్వ ఎంతో మీ దగ్గరే ఉంటుంది. 10 లక్షల టన్నులంటే ఈ దేశం రెండు వారాల్లో వాడేసే చక్కెర. మరీ కరువు ఏడాది అయితే సున్నా అనే చెప్పండి, కానీ సెప్టెంబరులోనే చెప్పండి. లేదంటే ఒక కనీస కోటా అప్పుడు ప్రకటించి, జనవరిలో ఉత్పత్తి చూసి పెంచండి. ప్రకటించాక తగ్గించొద్దు. ఎల్‌సీ తెరిచిన ఒప్పందాలకు మధ్యలో వచ్చే నోటిఫికేషన్లు వర్తించవని ఆర్డరులోనే రాయండి.

ఈ మార్పులు వచ్చే సీజన్ ఆర్డరులోనే చేస్తారని ఆశిస్తూ,

భవదీయుడు,
ఒక చక్కెర ఎగుమతి వ్యాపారి
కాకినాడ