తలసరి లెక్క చాటున మా ఇంటి ఏసీ

కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను నెల్లూరు నుంచి వచ్చి ఇరవై ఎనిమిదేళ్ళుగా చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నదాన్ని. ఈ ఉత్తరం మీకు ఇంగ్లీషులో పోస్టు చేశాను. తెలుగులో కూడా రాస్తున్నది మావాళ్ళు చదవాలని. ఇందులో మిమ్మల్ని అడిగేది సగమైతే, మమ్మల్ని మేం అడగాల్సింది ఇంకో సగం.

వాతావరణ సదస్సు జరిగిన ప్రతిసారీ మన దేశం ఒక మాట అంటుంది. పొగ వదిలి బాగుపడింది మీరు, ఇప్పుడు మమ్మల్ని ఎదగొద్దంటే ఎలా, తలసరి లెక్క తీయండి అని. న్యాయమైన మాటే. అమెరికాలో మనిషికి ఏడాదికి 14 టన్నులకు అటూ ఇటూగా కార్బన్ డయాక్సైడ్ తేలుతుంది. మన దగ్గర 2 టన్నులు. పేద దేశాలకు 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని ధనిక దేశాలు 2009లో కోపెన్‌హాగన్‌లో చెప్పాయి. ఆ అంకెను అందుకునేసరికి 2022 వచ్చింది, అందులోనూ ఎక్కువ భాగం అప్పులే. ఇక అమెరికా పారిస్ ఒప్పందంలోంచి ఒకసారి బయటికొచ్చి, మళ్ళీ చేరి, 2025లో మళ్ళీ పోతున్నానంది. డబ్బున్నంత మాత్రాన బాధ్యత రాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

అయినా వస్తుందనే నమ్మకం ఒకటి మనలో గట్టిగా ఉంది. 1991లో గ్రాస్‌మన్, క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కలు కట్టి, ఆదాయం పెరిగే కొద్దీ కాలుష్యం మొదట పెరుగుతుంది, ఒక స్థాయి దాటాక తగ్గుతుంది అన్నారు. వాళ్ళు చూసింది నగరాల గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్, పొగ లాంటివి. అంటే మన ముక్కుకు తగిలేవి. ముక్కుకు తగిలితే డబ్బున్నవాడు ఊరుకోడు, నిజమే. కార్బన్ ముక్కుకు తగలదు. చెత్త తగులుతుంది గానీ దాన్ని ఇంకొకరి ముక్కు దగ్గరికి పంపించవచ్చు. మా అపార్ట్‌మెంట్ బాగా చేసే పని అదే. పొద్దున ఏడింటికల్లా మా గేటు ముందు అద్దంలా ఉంటుంది. మా వైపు చెత్త ఏళ్ళ తరబడి పోయింది పెరుంగుడి దిబ్బకి, అది ఉన్నది పళ్ళికరణై చిత్తడి నేల మీద. ప్రపంచంలో కాపాడుకోవాల్సిన చిత్తడి నేలల పట్టిక ఒకటుంది, రామ్‌సర్ జాబితా అంటారు. 2022లో దానికెక్కిన చిత్తడి నేల అదే.

2019 జూన్ సంగతి చెబుతాను. చెరువులన్నీ ఎండిపోయాయి, మా కండలేరు నుంచి కృష్ణా నీళ్ళూ రాలేదు. అపార్ట్‌మెంట్ వాళ్ళం లారీకి నాలుగు వేల పైచిలుకు పోసి నీళ్ళు కొన్నాం. కొన్నాం గాబట్టి స్నానాలు తగ్గలేదు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ మాత్రం తెల్లవారకముందే ట్యాంకర్ దగ్గర ప్లాస్టిక్ బిందెలు వరసలో పెట్టి, నలుగురున్న ఇంటికి ఆరు బిందెలు పట్టుకుని, తర్వాత మా ఇంటికి వచ్చేది. ఒకరోజు వాషింగ్ మెషిన్ పైపుని మురుగు తూములోంచి లాగి బకెట్లో పెట్టింది. "అక్కా, ఈ నీళ్ళతో బండలు తుడిచేస్తా, పారబోయకండి" అంది. ఆ వేసవంతా అలాగే తుడిచింది. వానలు పడ్డాక పైపుని మళ్ళీ తూములో పెట్టింది నేనే. ఎవరూ చెప్పలేదు, చెయ్యి దానంతటదే అటు పోయింది.

ఇప్పుడు తలసరి లెక్క తీద్దాం. మా ఇంట్లో రెండు ఏసీలు, ఒక కారు. ఆవిడ ఇంట్లో ఒక ఫ్యాను, ఒక బస్ పాస్. మా ఇద్దరిదీ కలిపి రెండుతో భాగిస్తే నేను చాలా పొదుపరిని. పై దేశాల ముందు మీరు చూపించే ఆ 2 టన్నుల్లో నా ఏసీ ఆవిడ ఫ్యాను చాటున దాక్కుంది. పేదరికం ఆవిడది, మినహాయింపు నాది.

ఆవిడ మొదట సైదాపేటలో అడయారు ఒడ్డున ఉండేది. 2015 వరదల తర్వాత నదిని ఆక్రమించారని అక్కడి గుడిసెలు తీసేసి, చాలామందిని పెరుంబాక్కం క్వార్టర్లకు పంపారు. అదీ పల్లమే. 2023 డిసెంబర్లో మిచాంగ్ తుఫానుకి అక్కడా నీళ్ళే, మా వేళచ్చేరిలోనూ నీళ్ళే. మా అపార్ట్‌మెంట్ నీళ్ళు నిలిచే నేలలోనే కట్టారు, దాచడం ఎందుకు. తేడా ఏంటంటే, మమ్మల్ని ఎవరూ ఖాళీ చేయమనలేదు.

1972లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సులో ఇందిరా గాంధీ, పేదరికాన్ని, లేమిని మించిన కాలుష్య కారకాలు ఉన్నాయా అని అడిగారు. ఆ మాటని యాభై ఏళ్ళుగా వాడుకుంటున్నాం. ఆ తర్వాత రెండేళ్ళకే, 1974లో, నీటి కాలుష్య నివారణ చట్టం తెచ్చిన సంగతి ఎవరికీ గుర్తుండదు. 1976లో పర్యావరణ రక్షణ రాజ్యాంగంలోకి ఎక్కింది. అప్పుడు మనం ఇప్పటికంటే ఎంత బీదవాళ్ళమో మీకు తెలుసు. 2003లో తమిళనాడు ప్రతి ఇంటికీ వాననీటిని ఇంకించే ఏర్పాటు తప్పనిసరి చేసింది. దానికి కావాల్సింది ఒక గుంత, ఒక పైపు, కాస్త ఇసుకా కంకరా. భూటాన్ అయితే దేశంలో 60 శాతం అడవి ఎప్పటికీ ఉండాలని 2008లో రాజ్యాంగంలోనే రాసుకుంది. వాళ్ళేం కుబేరులు కారు.

కాబట్టి ఇంకా సంపన్నులం కాలేదు, ఆగండి అని ఇంట్లోవాళ్ళకి చెప్పొద్దని నా మనవి. బయట ఎంత గట్టిగా వాదిస్తారో వాదించండి, మీ పక్షానే ఉంటాను.

ఇక అడిగేది ఒక్కటే, అదీ మీ శాఖ చేతిలో ఉన్నదే. పర్యావరణంపై ప్రభావాన్ని ముందే అంచనా వేయాలనే 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపైన కట్టే భవనాలకు పర్యావరణ అనుమతి ఉండాలి. కానీ భవనాలకు, టౌన్‌షిప్‌లకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని ఆ నోటిఫికేషనే మినహాయించింది. మా చుట్టుపక్కల చిత్తడి నేలను తినేసినవాటిలో భవనాలదే పెద్ద వాటా. ఆ మినహాయింపు తీసేయండి. కనీసం చెరువులు, చిత్తడి నేలల పక్కన కట్టేవాటికైనా తీసేయండి. నీళ్ళు ఎటు పోతాయో కన్సల్టెంట్ మ్యాప్ కంటే అక్కడ ప్రతి డిసెంబర్లో మంచం కింద ఇటుకలు పేర్చుకునేవాళ్ళకి బాగా తెలుసు.

అలాంటి సభ ఎప్పుడైనా పెడితే ఆదివారం పెట్టించండి. మిగతా రోజుల్లో వాళ్ళు పెరుంబాక్కంలో పొద్దున్నే బస్సెక్కి మా ఇళ్ళకి పనికి వస్తారు.

ఇట్లు,
వేళచ్చేరి నివాసి