వియోలా ద గాంబాను జనం చేతికి ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

ఐరోపా ప్రాచీన వాద్యాల గురించి పత్రికల్లో వ్యాసాలు అరుదుగా వస్తాయి. వచ్చినవి కూడా చాలావరకు సంతాప సందేశాల ధోరణిలోనే ఉంటాయి. ఆ వాద్యం ఒకప్పుడు రాజాస్థానాల్లో ఒక వెలుగు వెలిగిందని, తర్వాత మరుగున పడిందని, నేడు కొద్దిమంది కళాకారులు మాత్రమే దాన్ని కాపాడుకొస్తున్నారని చెప్పి ముగిస్తారు. కమానుతో వాయించే తీగవాద్యమైన వియోలా ద గాంబా విషయంలో ఈ ధోరణి మరీ ఎక్కువ. చదివినవారికి జాలి కలుగుతుందేమో గానీ, దాన్ని వినాలనో, ఒక్కసారి పట్టుకుని చూడాలనో కోరిక పుట్టదు. ఆ కోరిక పుట్టించడం సాధ్యమేనని, అయితే అందుకు కచేరీలు పెంచడం ఒక్కటే చాలదని, ఔత్సాహికులు వాయించే అవకాశం పెరగాలని చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాను.

15వ శతాబ్దం చివరలో స్పెయిన్, ఇటలీ దేశాల్లో రూపుదిద్దుకున్న ఈ వాద్యాన్ని కాళ్ల మధ్య నిలిపి, కమానుతో వాయిస్తారు. చూడగానే వయొలిన్ జాతికే చెందిన పెద్ద వాద్యం చెల్లో అనిపించినా దీని నిర్మాణం వేరు. దీనికి సాధారణంగా ఆరు తీగలు ఉంటాయి. 17వ శతాబ్దపు ఫ్రాన్సులో ఏడో తీగ చేరింది. వీణకు ఉన్నట్లే దీనికీ మెట్లు ఉన్నాయి, కాకపోతే అవి వాద్యం మెడ చుట్టూ పేగు తీగతో ముడివేసి కట్టినవి, అవసరాన్ని బట్టి కొద్దిగా జరుపుకోగలిగినవి. పెద్ద వయసులో సంగీతం మొదలుపెట్టేవారికి ఈ మెట్లు నిజంగా వరం. వయొలిన్ నేర్చుకునేవారు స్వరస్థానం కోసం చాలాకాలం తడుముకోవలసి వస్తుంది. గాంబాలో వేలు ఎక్కడ ఆనించాలో మెట్టే చూపిస్తుంది. నాదాన్ని తీర్చిదిద్దే కమాను పని సులువేమీ కాదు. అయినా సరళమైన బృందరచనల్లో ఒక భాగాన్ని వాయించే స్థాయికి శ్రద్ధగల విద్యార్థి త్వరగానే చేరుకోగలడు.

‘బృందరచనలు’ అన్న మాటను ప్రత్యేకంగా గుర్తించమని కోరుతున్నాను. 16, 17 శతాబ్దాల ఇంగ్లండులో సంపన్న కుటుంబాలు ట్రెబుల్ (చిన్నది), టెనర్ (మధ్యరకం), బేస్ (పెద్దది) పరిమాణాల్లో రెండేసి చొప్పున ఆరు గాంబాలను ఒక పెట్టెలో భద్రపరచుకునేవి. ఇంటివారూ అతిథులూ కలిసి వాయించుకునేవారు. స్వరకర్తలు విలియం బర్డ్, ఆర్లాండో గిబ్బన్స్ మొదలుకొని 1680లో హెన్రీ పర్సెల్ రాసిన ఫాంటసియాల (స్వేచ్ఛగా సాగే వాద్యరచనల) వరకు ఈ సంగీతంలో చాలా భాగం అటువంటి గదుల కోసం పుట్టిందే. ఆ గదుల్లో చాలాసార్లు వాయించేవారే శ్రోతలు కూడా. ఒక వాద్యం మొదలుపెట్టిన పల్లవిని మరో వాద్యం అందుకోవడం, అది తన చేతిలోకి వచ్చి మళ్లీ పక్కవారికి చేరడం, దూరంగా కూర్చుని వినేవారికంటే మధ్యలో కూర్చుని వాయించేవారికే స్పష్టంగా తెలుస్తుంది. కాబట్టి గాంబాకు ఆదరణ పెరిగిందో లేదో తేల్చడానికి అమ్ముడైన టికెట్లను మాత్రమే లెక్కించడం, ఈ వాద్యం స్వభావాన్ని విస్మరించడమే.

పెద్ద సభామందిరాలు దీనికి ఎన్నడూ అచ్చిరాలేదు. 18వ శతాబ్దంలో సంగీతం విశాలమైన బహిరంగ వేదికలకు తరలినకొద్దీ, బిగ్గరగా మోగే వయొలిన్, చెల్లోల ముందు దీని మృదువైన నాదం నిలబడలేకపోయింది. నాటి మేటి వాద్యకారుల్లో చివరివాడిగా చెప్పుకునే కార్ల్ ఫ్రీడ్రిక్ ఆబెల్ 1787లో లండనులో మరణించాడు. నేటి నిర్వాహకులు మళ్లీ అదే పెద్ద మందిరంలో, మైకు ముందు దీన్ని కూర్చోబెట్టి, జనం రాలేదని నిరాశపడటం నాకు బాధ కలిగిస్తోంది. కొద్దిమంది శ్రోతలు వాద్యకారుడికి చేరువగా కూర్చోగల గది ఉంటే, పేగు తీగ మీద కమాను ఒరిపిడి కూడా వినిపిస్తుంది; ఆ వాద్యం మీద ప్రేమ కలగడానికి అది చాలు.

పునరుద్ధరణ చరిత్ర కూడా ఇదే చెబుతోంది. ఫ్రాన్సులో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన ఆర్నాల్డ్ డోల్మెచ్ పాత వాద్యాలను బాగుచేశాడు, కొత్తవి తయారుచేశాడు, భార్యాబిడ్డలకు నేర్పి వారితో కలిసి వాయించాడు. 1925లో ఇంగ్లండులోని హేసిల్‌మియర్‌లో సంగీతోత్సవం ప్రారంభించాడు. ఆయన తిరిగి వెలుగులోకి తెచ్చిన మరో వాద్యం రికార్డర్ అనే పిల్లనగ్రోవి. అది తర్వాత ప్లాస్టిక్‌తో చవకగా తయారై పాఠశాలలకు చేరి, లక్షలాది పిల్లల చేతిలో పడింది. గాంబా అలా చవకగా తయారయ్యేది కాదు. అందుకే 1948లో బ్రిటన్‌లో, 1962లో అమెరికాలో ఏర్పడిన వియోలా ద గాంబా సొసైటీలు వాద్యాలను అద్దెకిచ్చే ఏర్పాటు చేసుకున్నాయి. బయటికి ఆడంబరంగా కనిపించకపోయినా నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పని అదే. 1991లో వచ్చిన ఫ్రెంచి చిత్రం ‘తూ లె మాతాఁ ద్యు మోంద్’, అందులో గాంబా కళాకారుడు జోర్డి సవాల్ వాయించిన సంగీతంతో, గాంబా పేరే వినని ఎందరికో దాని నాదాన్ని చేరవేసింది. అంతటి ఆదరణ కలిగినప్పుడు, ఆసక్తితో వచ్చినవారికి ఇవ్వడానికి వాద్యమూ, నేర్పడానికి గురువూ ఉంటేనే ఆ ఆసక్తి నిలుస్తుంది.

ఇక ఏం వాయించాలన్నది. తొలిసారి వినేవారికి గంటసేపు గంభీరమైన ఫాంటసియాలు వినిపించడం సరికాదు. ఫ్రెంచి రాజు 14వ లూయీ ఆస్థానంలో వాయించిన మారాఁ మరే, 1725లో ప్రచురించిన తన అయిదో సంపుటిలో, మూత్రాశయంలోని రాయిని తీసే శస్త్రచికిత్సను సంగీతంగా రాశాడు. రోగి శస్త్రచికిత్స పరికరాన్ని చూడటం, వణకడం, దాని పైకి ఎక్కడం, చివరకు పడక చేరడం వరకు ఘట్టాలన్నీ స్వరాల పక్కనే మాటల్లో రాసి ఉన్నాయి. ఆ మాటలను శ్రోతల భాషలో చదువుతూ వాయిస్తే, సంగీతజ్ఞానం లేనివారు కూడా ఊపిరి బిగబట్టి వింటారు. ఆ తర్వాత జర్మన్ స్వరకర్త బాహ్ రాసిన క్రైస్తవ భక్తి సంగీతరచన ‘సెయింట్ మాథ్యూ ప్యాషన్’లో గాంబా తోడుగా సాగే బేస్ (మంద్ర పురుషకంఠ) గానం వినిపిస్తే దాని లోతు అర్థమవుతుంది. మరో జర్మన్ స్వరకర్త టెలిమాన్ 1735లో ప్రచురించిన పన్నెండు ఏకవాద్య ఫాంటసియాలు పోయాయనే అందరూ అనుకున్నారు. వాటి ప్రతి దొరికాక 2016లో మళ్లీ అచ్చయ్యాయి. ఇటువంటి వార్తకు కళల పేజీలో మంచి స్థానం దక్కాలి. అలాగే 1986లో ఏర్పడిన ఫ్రెట్‌వర్క్ అనే గాంబా బృందం జీవించి ఉన్న స్వరకర్తల చేత కొత్త రచనలు రాయిస్తూ వస్తోంది. వాటి గురించి ఎవరూ రాయకపోతే, ఇది పాతవారి వాద్యమన్న భావనే పాఠకుల్లో స్థిరపడుతుంది.

కాబట్టి సంపాదకులకు నా విన్నపం ఇది. ఇటువంటి వాద్యాల మీద వ్యాసం వేసినప్పుడు, ఏ రచనతో వినడం మొదలుపెట్టాలో, నేర్చుకోదలచినవారు ఎవరిని సంప్రదించాలో, వాద్యం అద్దెకు ఎక్కడ దొరుకుతుందో కూడా వ్యాసం చివర తప్పకుండా ప్రచురించండి. సమీక్షలు రాసేవారిని పెద్ద కచేరీలతో పాటు, ఔత్సాహికులు ఇళ్లలో కలిసి వాయించుకునే చోట్లకు కూడా పంపండి.

భవదీయ,
ఒక పాఠకుడు